స్తంభమునుండి గడపవరకు

బందరునుండి గుడివాడకు పోవు రైలుదారిలో చిలకలపూడి దాటిన పిమ్మట పెడన తగులును. నేతకును, అద్దకమునకును పేరుపడిన ఊరది. మాపటివేళ అచ్చటి వీధులలో నడచువారికి రెండు శబ్దములు చిరపరిచితములు. గుంటమగ్గముపై నాడె ఇటునటు పరుగిడు చప్పుడు ఒకటి. టేకుకొయ్య అచ్చును రంగులో అద్ది, గుడ్డపై నుంచి, పిడికిలితో కొట్టు చప్పుడు మరియొకటి. ఇటీవలి కాలమున మూడవ ధ్వని వచ్చి చేరినది. అది గోడకు వెలుపల బిగించిన ఏసీ యంత్రపు గురక.

ఈ మూడవ ధ్వని ఒక యింట మొదలైన క్షణముననే పొరుగింటి మగ్గముపై వ్రేలాడు దీపము ఒకమారు కునికి తేరుకొనుట కద్దు. “పక్కింటివాళ్ళు మిషను వేసినట్టున్నారురా” అని మూల కూర్చుండి కండెలు చుట్టు ముసలమ్మ అనును. మనుమడు తల యెత్తడు. పోగు తెగలేదు గదా, దీపము ఆరలేదు గదా! ఆ కునుకుపాటు ఎంత స్వల్పమైనను, దాని వెనుక ఒక పెద్ద లెక్క దాగియున్నది. ఆ లెక్క స్తంభమునుండి గడపవరకు వచ్చిన తీగకు సంబంధించినది.

ప్రతి విద్యుత్ కనెక్షనుకును కాగితముపై ఒక అంకె యుండును. దానిని వాడుకలో ‘లోడు’ అందురు. ఆ యింటిలో ఎన్ని కిలోవాట్ల మేరకు ఉపకరణములు నడచునో గృహస్థు వ్రాసియిచ్చిన అంకె అది. స్తంభమునుండి ఇంటికి లాగిన సర్వీసు తీగ లావు, మీటరు సత్తువ, ఫ్యూజు బలము ఆ అంకెనుబట్టియే నిర్ణయమైనవి. ఇల్లు పెరిగినది, పిల్లలు పెరిగినారు, సామగ్రి పెరిగినది. అంకెమాత్రము అనేక గృహములలో తాతలనాటిదే.

తాతలనాటి అంకె చిన్నదగుటకు తగిన కారణము లేకపోలేదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము ప్రారంభమైనది. 1959 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడినది. కృష్ణాజిల్లాకు గడపలో కేంద్రమనదగిన ఇబ్రహీంపట్నపు థర్మల్ కేంద్రములో మొదటి యూనిట్టు నడచుట 1979లో గాని జరుగలేదు. మండలి అధ్యక్షుడుగా పనిచేసిన నార్ల తాతారావు పేరు ఆ కేంద్రమునకు పిమ్మట పెట్టిరి. ఆ దినములలో కరెంటనగా దీపమే. పగలు నేసిన చేతికి రాత్రియు నేయుటకు వీలు కల్పించిన దీపము. 1988-89లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన కుటీరజ్యోతి పథకము పేదయింటికి ఇచ్చినదియు ఒకే ఒక దీపమునకు కనెక్షను. చీకటి పోవుటయే అప్పటి కోరిక. ఆ కోరికకు ఆ తీగ సరిపోయినది.

మధ్యలో 1977 నవంబరు 19వ తేదీ వచ్చినది. దివిసీమను ముంచిన ఆ ఉప్పెనలో పదివేలమందికి పైగా మృతినొందిరని లెక్కలు చెప్పుచున్నవి. అంతటి ప్రాణనష్టము నడుమ కూలిన స్తంభముల మాట ఎత్తుటయే అపచారముగా తోచును. అయినను తీరపుటూళ్ళకు ఒక సత్యము అప్పుడు స్పష్టమైనది: గాలియు ఉప్పును కలిసిన చోట ఏ తీగయు శాశ్వతము కాదు. 1990 మే నెలలో కృష్ణాముఖము సమీపమున తీరము దాటిన తుపాను ఆ పాఠమును మరల చదివించినది.

ఇక లెక్క. తరగతిగదిలో బల్లపై వేసి చూపదగినంత సులభమైన లెక్క ఇది. పాతకాలపు నేతవారి ఇంట 60 వాట్ల దీపములు నాలుగు, ఒక చిన్న పంకా 60 వాట్లు. మొత్తము 300 వాట్లు. ఇంటికి వచ్చు వోల్టేజి 230. 300ను 230చేత భాగించిన 1.3 ఆంపియర్లు. ఇప్పుడు అదే యింటి సామగ్రిని లెక్కింపుడు. ఒకటిన్నర టన్నుల ఏసీ 1700 వాట్లు, నీళ్ళు కాచు గీజరు 2000, ఇస్త్రీపెట్టె 1000, మిక్సీ 750, నీళ్ళమోటారు 500, నాలుగు పంకాలు 300, ఫ్రిజ్ 200, టెలివిజను 100, దీపములన్నియు కలిపి 100. కూడిన 6650 వాట్లు. భాగించిన సుమారు 29 ఆంపియర్లు. ప్రవాహము ఇరువదిరెండు రెట్లయినది.

ఇరువదిరెండు రెట్ల ప్రవాహమునకు తీగ ఇరువదిరెండు రెట్లు వేడెక్కునని తలచుట పొరపాటు. వేడిమి ప్రవాహము యొక్క వర్గమునుబట్టి పెరుగునని 1841లో జేమ్స్ ప్రెస్కట్ జౌల్ ప్రకటించెను. (ఆయన జన్మస్థలమైన సాల్ఫర్డు మాంచెస్టరును ఆనుకొనియున్నది. బందరు గుడ్డల వర్తకమును దెబ్బతీసిన మిల్లుల సీమ అది! విద్య మాత్రము ఏ సీమదని వివక్ష చూపదు.) ఇరువదిరెండును ఇరువదిరెంటిచే హెచ్చించిన 484. స్తంభమునుండి మీటరుకు 30 మీటర్ల దూరము, తీగ 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియము అనుకొందము. పోవుటకును వచ్చుటకును కలిపి 60 మీటర్లు. దాని నిరోధము ఇంచుమించు 0.44 ఓములు. 1.3 ఆంపియర్లు ప్రవహించునప్పుడు ఆ తీగలో వేడిగా మారునది ముప్పాతిక వాటు; చీమకైనను తెలియదు. 29 ఆంపియర్లు ప్రవహించినపుడు 370 వాట్లు. అనగా నాలుగైదు పంకాలను త్రిప్పదగిన శక్తి గాలిలో తీగను కాచుటకే ఖర్చగును. ఇంటికి చేరు వోల్టేజిలో దాదాపు 13 వోల్టులు దారిలోనే తగ్గిపోవును.

అన్నియు ఒకేమారు నడువవు గదా అను ప్రశ్న న్యాయమైనదే. గీజరు వేసవిలో నడువదు, ఇస్త్రీ అర్ధరాత్రి చేయరు. ఇంజనీర్లు ఈ సంగతిని ఎరుగుదురు. వీధి మొత్తమునకు లెక్క కట్టునపుడు దీనిని పాటింతురు. కాని తీగకు సగటుతో పనిలేదు. ధనుర్మాసపు తెల్లవారుజామున గీజరు, మోటారు, మిక్సీ కలిసి నడచు అరగంటయే దానికి పరీక్ష.

పెడనవంటి ఊరిలో ఈ పరీక్షకు ప్రత్యేకమైన భయమొకటి కలదు. ఇల్లే కార్ఖానా. మగ్గపుగదిలో నూలు ధూళి గాలిలో ఆడుచుండును. స్విచ్చిబోర్డు చట్రముపై, తీగల అతుకులపై సన్నని దూదిపొరవలె నిలుచును. అద్దకపుశాలలో కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన గుడ్డలు, అచ్చు వేసిన గుడ్డలు దొంతరలుగా నుండును. వదులైన అతుకు వేడెక్కి నిప్పురవ్వ రాల్చినచో దానికి కావలసిన ఆహారమంతయు అచ్చటనే సిద్ధముగా నున్నది. ఒక కుటుంబము యొక్క నెలల కూలి ఆ దొంతరలోనే యుండును.

ఫ్యూజు ఈ భయమునకు కావలి. ప్రవాహము మితిమీరినచో తాను కరిగి ఇంటిని కాపాడును. నేతవారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు; పడుగులో ఎచ్చట బలహీనమైన పోగున్నదో అచ్చటనే తెగునని వారెరుగుదురు. ఫ్యూజు బుద్ధిపూర్వకముగా ఉంచిన బలహీనమైన పోగు. కాని అది మాటిమాటికి తెగుచుండగా విసిగి, రెండు మూడు రాగిపోగులు మెలివేసి కట్టు అలవాటు ఊరూర కలదు. అప్పుడు ఫ్యూజు తెగదు. తెగవలసినది మరియొక చోట, గోడలోపల, కంటికి కనబడని తావున తెగును. ఫ్యూజు పదేపదే పోవుచున్న యింట తప్పు ఫ్యూజుది కాదు. కాగితముపై నున్న అంకెది.

ఆ అంకెను పెంచుటయే లోడు పెంపు. అది మీటరు మార్చుటతో ముగియు పని యని అనేకుల భావము. కృష్ణాడెల్టా రైతును అడిగిన ఆ భ్రమ తొలగును. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ ప్రాంతమునకు కాలువల భాష మాతృభాషవంటిది. పొలము పెరిగినదని తూము మాత్రము వెడల్పు చేసిన ప్రయోజనమేమి? పిల్లకాలువ వెడల్పు కావలెను, దాని పైకాలువలో నీరుండవలెను. విద్యుత్తునకును అంతే. స్తంభమునుండి వచ్చు సర్వీసు తీగ లావు కావలెను. మీటరు ఆ ప్రవాహమునకు తగినది కావలెను. మీటరునుండి లోపలి పెట్టెవరకు వచ్చు తీగ, ఆ పెట్టెలోని ఎంసీబీ, అచ్చటినుండి గదులకు పోవు తీగలు అన్నియు ఒకదానికొకటి సరిపోవలెను. దీపములకు, పంకాలకు సామాన్యముగా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వేయుదురు. గీజరు వంటి 16 ఆంపియర్ల ప్లగ్గులకు 2.5, ఏసీకి 4. ఒక ప్లగ్గునుండి మరియొక ప్లగ్గు అతికించుచు పోయిన పాత వైరింగునకు పెద్ద ఎంసీబీ తగిలించుట పైన చెప్పిన మెలివేసిన ఫ్యూజుపోగు కథయే. ఎంసీబీని తీగనుబట్టి ఎన్నుకొనవలెను గాని కోరికనుబట్టి కాదు.

లోడు మరికొంత పెరిగినపుడు ఒక ఫేజు చాలదు, మూడు ఫేజులు తీసికొనవలసివచ్చును. భారము మూడు తీగలపై పంచబడుటచే ఒక్కొక్క తీగలో ప్రవాహము తగ్గును. ఇది లాభము. దీనితోపాటు ఒక జాగ్రత్తయు రావలెను. మూడు ఫేజులకు ఉమ్మడియైన న్యూట్రల్ తీగ అతుకు ఊడినచో, తక్కువ లోడున్న ఫేజుమీది దీపములు ప్రజ్వరిల్లి మాడిపోవును. ఎక్కువ లోడున్న ఫేజుమీదివి మిణుకుమిణుకుమనును. సముద్రపుగాలి తగులు ఊళ్ళలో అల్యూమినియము, రాగి నేరుగా కలిసిన అతుకులు త్వరగా చెడును. ఆ రెండు లోహములు కలిసిన చోట తేమయు ఉప్పును చేరినచో అదియొక చిన్న బ్యాటరీయగుననియు, అల్యూమినియము అందులో కరిగిపోవుననియు రసాయనశాస్త్రము చదివిన విద్యార్థి ఊహించుకొనగలడు. అందుచే అట్టి చోట రెండు లోహముల తొడుగులు వాడవలెను. బోల్టులు ఏడాదికొకసారియైనను చూడవలెను.

ఎర్తింగు విషయమున ఉప్పునేల ఒక చేత ఇచ్చి మరియొక చేత పుచ్చుకొనును. తేమ, లవణము కల నేల విద్యుత్తును తేలికగా తనలోనికి తీసికొనును. మెట్టప్రాంతములవారు గోతిలో బొగ్గు, ఉప్పు పోసి, నీళ్ళు పోయుచు సాధించుదానిని డెల్టా నేల ఊరకయే ఇచ్చును. కాని ఆ లవణమే పాతిన ఇనుపగొట్టమును కొరికివేయును. పదేండ్ల క్రిందట పాతిన గొట్టము నేలలో ఉన్నదని నమ్మి యుండుటకును, త్రవ్విచూచుటకును చాల భేదము కలదు. లోడు పెంచు సందర్భము ఆ గొట్టమును పరీక్షించుటకు తగిన సమయము. గుంటమగ్గము నేలలోనికి దిగియుండును. వానకాలమున ఆ గుంటలో చెమ్మ ఊరును. నేతగాడు అందులో కాళ్ళుంచి కూర్చుండును. చెమ్మనేలపై కాళ్ళుంచి, తలపైని దీపపు తీగను తాకువానికి 30 మిల్లీఆంపియర్ల లీకునకే కరెంటును త్రుంచివేయు ఆర్‌సీసీబీ అను చిన్నపరికరము ప్రాణరక్షకము. ఎంసీబీ తీగను కాపాడును. ఇది మనిషిని కాపాడును. ఈ భేదము తెలియక మొదటిదానితో తృప్తిపడు గృహములు అనేకము.

ఇంత తెలిసియు అంకెను పెంచుటకు జనులు వెనుదీయుదురు. వెనుదీయుట పిసినారితనమని కొట్టివేయరాదు. కిలోవాటునకు ఇంత అని అదనపు రుసుము కట్టవలెను, డిపాజిట్టు పెరుగును, నెలనెలా బిల్లులో స్థిరరుసుము కొంత హెచ్చును. మగ్గముపై బ్రతుకు ఇంట పెండ్లికో చదువునకో దాచిన సొమ్ములోనుండి అది రావలెను. కంటికి కనబడు ఏసీకి ఇచ్చిన సొమ్మునకు చల్లదనము వచ్చును. తీగకు ఇచ్చిన సొమ్మునకు ఏమియు జరుగకుండుటయే ఫలము. ఏమియు జరుగకుండుటకు వెల కట్టుట ఎవరికిని సులభము కాదు.

అయితే చెప్పని లోడు ఎచ్చటికిని పోదు. అది వీధి చివరనున్న ట్రాన్స్‌ఫార్మరు నెత్తిన పడును. 11 వేల వోల్టులను దించి ఇళ్ళకు పంచు 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరును ఉదాహరణగా తీసికొనిన, 300 వాట్ల ఇళ్ళు మూడువందలకు పైగా దానిక్రింద సుఖముగా బ్రతుకును. 6650 వాట్ల ఇళ్ళు అన్నియు ఒకేమారు పూర్తిగా వాడినచో పదునైదుతో సరి. అట్లు పూర్తిగా వాడుట అరుదే గాని, డెల్టాలో మే నెల రాత్రి ఉక్కలో ఏసీలు మాత్రము అన్నియు ఒకేమారు నడచును. అప్పుడు సగటుల లెక్క కొంత తప్పును. ఆ వీధికి ఎంత ట్రాన్స్‌ఫార్మరు కావలెనో విద్యుత్ సంస్థ నిర్ణయించుటకు ఉన్న ముఖ్యాధారములలో ఒకటి కాగితములపైని లోడుల మొత్తము. కాగితములు అబద్ధమాడినచో లెక్కయు అబద్ధమే యగును.

దాని శిక్ష మాత్రము అబద్ధమాడినవానికి పడదు. కాలువ శివారు రైతు కష్టము ఈ ప్రాంతమున తెలియనివారు లేరు. ఎగువవారు తూములు పెద్దవి చేసికొనగా దిగువ పొలము ఎండును. బందరు, పెడన వైపు భూములు కాలువలకు శివారు భూములే. విద్యుత్తు లైనులోను శివారు ఇళ్ళు ఉన్నవి. ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గరియింట ఏసీ చక్కగా నడచును. లైను చివరి యింట పంకా నీరసముగా తిరుగును, మోటారు మూలిగి వేడెక్కును, మగ్గముమీది ట్యూబులైటు రెప్పలాడించును. ఆ చివరి యింటివారు ఒక్కొక్కప్పుడు ఏసీ ముఖమెరుగనివారు. సన్నని అంచు నేయువాని కంటికి ఆ వెలుగు తగ్గుట చిన్న సంగతి కాదు. ముసలమ్మ అన్న మాటలోని పూర్తి అర్థమిది.

ఇతర దేశములలోను ఈ అంకె కథ జరిగినది. అమెరికాలో ఇరువదవ శతాబ్ది నడిమి ఇళ్ళకు 60 ఆంపియర్ల సర్వీసు సామాన్యము. పిమ్మట అది 100 అయి, 200 వరకు పెరిగినది. ఇటలీలో సామాన్యగృహమునకు 3 కిలోవాట్లు చాలకాలముగా వాడుక. పొయ్యి, బట్టల యంత్రము కలిపి వేసి లోడు మించినచో మీటరే కరెంటును నిలిపివేయును. గృహిణి ఒకదానిని ఆపి మరల మీట నొక్కవలెను. కఠినమైన పద్ధతియే గాని, పొరుగువాని దీపము దానివలన కునుకదు.

ఇచ్చట వచ్చుచున్న మార్పు మరొక రీతిది. కృష్ణాజిల్లా 2020 ఏప్రిల్ 1 నుండి విజయవాడ కేంద్రముగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ మధ్యప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోనిది. ఆ సంవత్సరాంతముననే కేంద్రప్రభుత్వము విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమావళిని ప్రకటించినది. 2024 ఫిబ్రవరి సవరణ ప్రకారము పురపాలక ప్రాంతములలో క్రొత్త కనెక్షనుగాని, ఉన్న కనెక్షనులో మార్పుగాని, సక్రమమైన దరఖాస్తు అందిన 7 దినములలో జరుగవలెను. గ్రామములలో 15 దినములు. లైనును విస్తరింపవలసిన చోట గడువు వేరు. గడువున్నదని తెలిసినవాడే గడువును అడుగగలడు. దరఖాస్తు రసీదు దాచుకొనుట అందులో మొదటి మెట్టు.

2023లో చేసిన సవరణ మరియొకటి గమనింపదగినది. స్మార్టు మీటరు ఇంటి గరిష్ఠ వినియోగమును తానే గుర్తుపెట్టుకొనును. ఒక ఆర్థిక సంవత్సరములో కనీసము మూడుమారులు మంజూరైన లోడు మించినచో, అట్లు మించిన నెలల గరిష్ఠములలో అతి తక్కువదానిని ఆధారముగా తీసికొని లోడు సవరింపవలెను. అనగా ఒకనాటి పెండ్లిసందడిని పట్టుకొని అంకె పెంచరు. మీటరు బిగింపక పూర్వపు కాలమునకు, ఆ మీటరు చూపిన గరిష్ఠమునుబట్టి జరిమానా వేయరాదనియు ఆ నియమమే చెప్పుచున్నది. దాచుటకు తావు తగ్గినకొలది దాచుటవలని లాభమును తగ్గును.

ఒక విచిత్రము చెప్పక విడువరాదు. కరెంటును మొదట ఇంటికి రప్పించినది దీపము. నేడు ఆ దీపమే అన్నిటికంటె తేలిక. 60 వాట్ల దీపము చేసిన పని 9 వాట్ల ఎల్‌ఈడీ చేయుచున్నది. 75 వాట్ల పంకా స్థానమున 30 వాట్ల ప్రాంతమున నడచు క్రొత్తరకపు పంకాలును వచ్చినవి. లోడు పెంచుటకు ముందు ఇంటిలో తగ్గింపదగిన లోడు ఎంతయని చూచుట వివేకము. పాఠశాల విద్యార్థి ఒక ఆదివారము కాగితము, పెన్సిలు తీసికొని ఇంటిలోని ప్రతి ఉపకరణము వెనుకనున్న చిన్నరేకుపై వాట్ల అంకెను వ్రాసికొని కూడినచో, ఆ కూడిక ఫలితమును విద్యుత్ బిల్లుపై ముద్రించిన లోడుతో పోల్చినచో, తండ్రికి తెలియని సంగతి తనకు తెలియును. ఉపాధ్యాయుడు ఆ కాగితములను ఒక వీధివారివి ఒకచోట చేర్చి కూడించినచో, అది ట్రాన్స్‌ఫార్మరు లెక్కయగును.

లోడు పెంచిన యింట చివరి ఘట్టము చూడదగినది. లైన్‌మన్ స్తంభముపై క్రొత్త తీగను బిగించి దిగును. మీటరుకు సీలు పడును. లోపల వైరింగు చేసిన పనివాడు ఇంటివారితో “అన్నీ వెయ్యండమ్మా” అనును. ఏసీ, గీజరు, మోటారు, పంకాలు ఒకదాని వెంట ఒకటి మ్రోగును. పనివాడు పటకారువంటి మీటరును తీగచుట్టు తగిలించి అంకె చదువును. ఎంసీబీ ప్రక్కన వ్రేలుంచి వేడి చూచును. గంటసేపటికి మరల వచ్చి చూచెదనని చెప్పి మెట్లు దిగును. ఎదుటి అరుగుమీదినుండి ముసలమ్మ అతనిని కేకవేయును. “ఒరే అబ్బాయీ, మా దీపం సంగతి కూడా కాస్త చూసిపో.”